తెర మీద నల్లచుక్కలు

శామీర్‌పేట,
8 మార్చి 2004.

వీరేశం,

హోలీ రంగు ఇంకా నా గోళ్ళ సందుల్లోంచి పోలేదు. మీ బావ పండుగపూట కూడా కెమెరా మెడలో వేసుకుని బౌరంపేట్‌లో పెళ్ళికి పోయాడు. ఈ ఏడు పెళ్ళిళ్ళు ఎక్కువ. భూములు అమ్ముకున్నవాళ్ళందరికీ ఆల్బం ఇటుక మందాన ఉండాలి. పైగా ఎలక్షన్లు. పగలంతా కరపత్రాలు, సాయంత్రం పెళ్ళికూతుళ్ళు. స్టూడియో వెనక గదిలోంచి నేను బయటికి వచ్చేసరికి కరీంనగర్ బస్సుల లైట్లు వెలుగుతుంటాయి. ఆ అరుణాచల్ కొండల్లో నీకు తిండి సరిగా దొరుకుతోందా? మొన్న ఫోన్ చేశావు గానీ, "అక్కా, బాగున్నవా" అనేలోపు లైన్ పోయింది.

ఇప్పుడు నీ సలహా కావాలి. నువ్వు సికింద్రాబాద్‌లో మిలిటరీ డ్యూటీ చేసేటప్పుడు నీ చేత్తో బిగించి ఇచ్చిన కంప్యూటర్ మొరాయిస్తోంది. ఆల్బం పేజీ తెరిస్తే బొమ్మ ఒక్కసారిగా రాదు, దుకాణం షట్టర్ దించినట్టు పైనుంచి కొంచెం కొంచెం దిగుతుంది. ఇంకొకటి, ఈ మధ్య తెల్లటి పేజీల మీద నల్లచుక్కలు కనబడుతున్నాయి. మౌస్ కదిపితే అవీ కదులుతాయి. అల్వాల్ మెకానిక్ వచ్చి చూసి, "గ్రాఫిక్స్ కార్డు పాతదైంది మేడం, తెర మీదికి బొమ్మ పంపేది గదే, మార్చుండ్రి" అన్నాడు. మీ బావనడిగితే, "సీజన్ ఒడవనియ్, సూద్దాం తియ్" అంటున్నాడు.

ఇప్పుడు మార్చాలా, ఆగాలా? నువ్వు ఎట్లా చెబితే అట్లా.

అక్క పద్మజ


99 ఏపీఓ,
24 మార్చి 2004.

అక్కా,

నీ ఉత్తరం తడిసి, ఆరి, మళ్ళీ తడిసి నా చేతికి వచ్చింది. తిండికేం లోటు లేదు, పప్పులో ఉప్పుకే లోటు. ఇక్కడి వర్క్‌షాపులో కంప్యూటర్లన్నీ నా నెత్తి మీదే ఉన్నాయి. మేజర్ సాబ్ దగ్గర్నుంచి అందరూ, "రెడ్డీ కాదు రావూ కాదు, వీరేశాన్ని పిలువు" అంటారు. నీకు చెప్పుకోక ఎవరికి చెప్పుకోను!

కార్డు ఇప్పుడు కొనొద్దు. మెకానిక్ మాట వినకు, వాడికి అమ్ముకోవడమే పని. ఈ ఏడాదిలో కార్డు గుచ్చే స్లాటే మారిపోతోంది. ఇవాళ కొన్న కార్డు రేపటి బోర్డుకు పట్టదు. తలుపు మార్చబోతూ పాత తలుపుకు కొత్త తాళం కొన్నట్టవుతుంది. దసరాకు సెలవు పెడుతున్నాను. అప్పటికి కొత్త రకం వస్తుంది, దాని ధర కూడా కొంచెం దిగుతుంది. నేనే వచ్చి బోర్డు, కార్డు రెండూ మారుస్తాను.

అంతదాకా డబ్బా విప్పి, మెత్తటి బ్రష్షుతో కార్డు మీది దుమ్ము దులుపు. మానిటర్ వైరు పీకి మళ్ళీ గట్టిగా బిగించు. చుక్కలు వైరు వదులైతే వస్తాయి. తగ్గకపోతే ఆ చుక్కలున్న పేజీని ఉన్నదున్నట్టు ప్రింట్ తీసి పంపు, చూస్తాను.

బావ "సూద్దాం" అన్నాడంటే దానికి అర్థం నాకు తెలుసు. మీ ఇంటి ముందటి మెట్లు కూడా ఆరేళ్ళ నుంచి సూద్దాంలోనే ఉన్నాయి.

వీరేశం


శామీర్‌పేట,
6 ఏప్రిల్ 2004.

వీరేశం,

నువ్వు చెప్పినట్టే దుమ్ము దులిపాను. డబ్బాలోంచి ఒక బల్లి పిల్ల కూడా ఉరికింది. మా అత్తమ్మ వజ్రమ్మ అది శకునమంటూ దీపం పెట్టింది. బొమ్మ దిగడం కొంచెం నయం. చుక్కలు మాత్రం తగ్గలేదు, పెరిగాయి. ఇప్పుడు సాలెగూడు దారాల లాంటివి కూడా వస్తున్నాయి. ఫోటో చుట్టూ గీత గీస్తే ఆ గీత మధ్యలో వంగుతోంది. ఒక్కోసారి తెర అంచున ఫ్లాష్ కొట్టినట్టు తళుక్కుమంటుంది. కార్డు కాలిపోయే ముందు అట్లా మెరుస్తుందా?

ఒక గలాటా జరిగింది. బౌరంపేట్ పెళ్ళికూతురి బుగ్గ మీద చుక్కలున్నాయని నేను ఒక్కొక్కటే చెరుపుకుంటూ పోయాను. ప్రింట్ వచ్చాక వాళ్ళమ్మ ఆల్బం తెచ్చి కౌంటర్ మీద పడేసింది. "మా పిల్ల బుగ్గ పాలమీగడ లెక్కుంటది. గీ మరకలేంది? సున్నం కొట్టిన్రా?" అని అందరి ముందూ అరిచింది. ఫోటోలో అసలు చుక్కలే లేవట. లేనివాటిని చెరిపి బుగ్గంతా పాడుచేశాను. ఇన్నేళ్ళలో నా పనికి ఎవరూ వంక పెట్టలేదు. మీ బావ చేతులు జోడించి, మళ్ళీ చేసిస్తామని పంపాడు.

ఆయన్ను పిలిచి తెర చూపించాను. "ఏడున్నయి చుక్కలు? నాకేం కనబడ్తలేవు" అన్నాడు. కొనాల్సి వచ్చినప్పుడు ఆయనకు కనబడవులే. నాకైతే పట్టి పట్టి చూసి తల పగులుతోంది. ఎడమకన్ను పుట్టినప్పటి నుంచి పేరుకే ఉందాయె, బండి లాగేదంతా కుడికన్నే.

నువ్వడిగిన ప్రింట్లు ఇందులో పెట్టాను. నాలుగు రోజులుగా కూరలో కూడా ఉప్పు సరిగా పడడం లేదు, పరధ్యానం.

అక్క


99 ఏపీఓ,
20 ఏప్రిల్ 2004.

అక్కా,

నీ ప్రింట్లు వర్క్‌షాపు బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి చూశాను. ఒక్క చుక్క లేదు, ఒక్క గీత వంగలేదు. అంటే ఫైళ్ళు శుభ్రంగా ఉన్నాయి. డిస్కు బాగుంది, ప్రింటర్ బాగుంది. ఇక లోపం కార్డుకీ తెరకీ మధ్యలోనే ఉండాలి. ఆ మెరుపులు కూడా దానికే సాక్ష్యం. కార్డు మీది చిప్పు వేడెక్కి పోతోంది. పంఖా ఒకటి డబ్బా పక్కన పెట్టి, మూత తీసి నడిపించు.

అయినా ఇప్పుడే కొనొద్దనే అంటాను. ఇన్నాళ్ళు ఆగి, కొత్త రకం గుమ్మం దాకా వచ్చాక పాతది కొంటే మనకంటే తెలివితక్కువ వాళ్ళుండరు. ఆల్బం పనులు కొన్ని మేడ్చల్ ల్యాబుకు పంపించు. దసరా ఎంత దూరంలో ఉందని!

బావ కనబడడం లేదన్నాడని బాధపడకు. ఖర్చు మాట వస్తే ఆయనకు కనబడదు, వినబడదు కూడా. నా పెళ్ళి మాట ఎత్తినప్పుడు చూశాం కదా. ఈ ఉత్తరం ఆయన కంట పడనీయకు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. రోడ్డు తెగిందంటే టపా వారం ఆగుతుంది. ఆలస్యమైతే కంగారుపడకు.

వీరేశం


శామీర్‌పేట,
9 మే 2004.

వీరేశం,

ఇది నీకొక్కడికే రాస్తున్నాను. చదివాక ఉంచొద్దు.

మొన్న గురువారం మీ బావ పొద్దున్నే చెప్పాపెట్టకుండా సికింద్రాబాద్ పోయాడు. మధ్యాహ్నం మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో కొత్త కార్డు డబ్బా. అది చంటిపిల్లాడన్నట్టు ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాడట. "నువ్వు గా తెరల మొహం పెట్టి సూస్తుంటే నా పానం ఉంటలేదు. వీరేశం ఆగుమంటడు గని, కండ్లు గుంజుకునేది నీకు గదా" అన్నాడు. డబ్బు ఎక్కడి నుంచి తెచ్చాడో, ఏం అమ్మాడో అడిగితే చెప్పలేదు.

మెకానిక్ బిగించి పోయాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఆయన వెనకాల నిలబడ్డాడు. పేజీ తెరిచాను. బొమ్మ గబుక్కున దిగింది, షట్టర్ లేదు, ఏమీ లేదు. కానీ చుక్కలు అట్లానే ఉన్నాయి, వీరేశం. దారాలు అట్లానే ఉన్నాయి. పై మూల నుంచి ఒక నల్లటి నీడ కూడా వేలాడుతోంది, పరదా సగం దించినట్టు.

"పోయినయా?" అని అడిగాడు. గొంతులో అంత ఆశ నేనెప్పుడూ వినలేదు. "పోయినయి. మస్తుగున్నది" అన్నాను. ఆ సాయంత్రం ఆయన చెరువు దాకా పోయి చేపలు పట్టించుకొచ్చాడు.

ఇప్పుడు ఏం చేయను? తెరే పోయిందంటావా? మానిటర్ కూడా మార్చాలని ఏ మొహం పెట్టుకుని అడగను? నువ్వే ఏదో ఒక ఉపాయం చెప్పు. బావతో మాత్రం అనకు.

అక్క


99 ఏపీఓ,
21 మే 2004.

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. రోడ్డు తెగి టపా కింద ఆగిపోయింది. ఫోన్ కోసం సిగ్నల్ గదికి పరిగెత్తాను, లైన్లన్నీ పడిపోయాయి. అందుకే రాస్తున్నాను. కింది క్యాంపుకు దిగే జవానుకు ఇచ్చి పంపుతున్నాను.

అక్కా, కంప్యూటర్ ఆపు. ఎడమకన్ను అరచేత్తో మూసుకుని సున్నం వేసిన గోడ వైపు చూడు. ఆకాశం వైపు చూడు. అక్కడ కూడా చుక్కలు, నీడ కనబడితే, లోపం కార్డులో లేదు, తెరలో లేదు. నీ కంట్లో ఉంది. ఒక్క గంట కూడా ఆగకుండా పెద్ద కంటి ఆసుపత్రికి పో.

ప్రింట్లలో చుక్కలు లేవు. బావకు కనబడలేదు. కార్డు మార్చినా పోలేదు. ఇన్ని తెలిసి కూడా నేను స్లాట్ల గురించి, ధరల గురించి పాఠం చెబుతూ కూర్చున్నాను. మా యూనిట్ డాక్టర్‌కు మెరుపుల సంగతి చెబితే ఆయన తింటున్న పళ్ళెం పక్కన పెట్టేశాడు.

నాకు ఇప్పుడు బావ మీద వస్తున్న కోపం ఇంతా అంతా కాదు. నేను రెండువేల మైళ్ళ అవతల ఉన్నాను. ఆయన పక్కనే ఉన్నాడు. పొద్దున లేస్తే ఊరందరి మొహాలూ కెమెరాలోంచి చూసే మనిషి, కట్టుకున్న భార్య కళ్ళలోకి ఒక్కనాడు చూడలేదా? ఆ పిసినారికి నిన్నిచ్చి మన నాయిన నీ గొంతు కోశాడు.

వెంటనే వెళ్ళు, అక్కా. నేను సెలవు అడుగుతున్నాను.

వీరేశం


శామీర్‌పేట,
6 జూన్ 2004.

బామ్మర్ది వీరేశానికి,

నేను బాల్‌రాజును రాస్తున్న. నాకు ఉత్తరాలు రాసుడు రాదు, మాట్లాడినట్టే రాస్తున్న, తప్పులుంటే సర్దుకో.

పోయిన నెల ఇరవై మూడున మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. నేను ముందటి గదిల పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తున్న. లోపల నుంచి పద్మ పిలిచింది. పోయి సూస్తే నల్లటి తెర ముందట అట్లనే కూసున్నది. "కరెంటు పోయింది గదా?" అన్నది. పోయిందన్న. "మరి గీ మెరుపులు ఎక్కడియి?" అన్నది. నాకేం సమజ్ కాలే. అప్పుడు చెప్పింది, గోడ మీద గూడ నల్లగ దిగుతాందని, సగం మొహమే కనబడ్తాందని.

ఆటో మాట్లాడుకొని పోయినం. కొత్త కార్డు పెట్టినంక గూడ చుక్కలు పోలేదని తొవ్వల చెప్పింది. "నువ్వు అంత సంబురపడ్తుంటే ఎట్ల చెప్పాలె" అన్నది.

కంటి లోపలి పొర ఊడిపోయిందట. చెమ్మకు గోడ మీద కాగితం ఊడినట్టు. "ఎన్నాళ్ళ సంది?" అని డాక్టర్ అడిగిండు. "హోలీ సంది" అన్నది. ఆయన పెన్ను కింద పెట్టిండు. మెరుపులు మొదలైనప్పుడే వస్తే అతికించి ఇంటికి పంపేవాళ్ళమన్నడు. ఆపరేషన్ చేసిన్రు. వారం దినాలు బోర్ల పండుకోబెట్టిన్రు. నిన్న కట్టు విప్పిన్రు. కుడికంటికి వెలుగు తెలుస్తాంది, మనిషి తెలుస్తలేడు. ఇంతకంటె రాదని చెప్పిన్రు. ఎడమకంటితోని ఇంట్ల తిరుగుతది, అక్షరం కానరాదు.

నీ ఉత్తరం మేం ఆసుపత్రిల ఉన్నప్పుడు వచ్చింది. మా అమ్మ తెచ్చిచ్చింది. పద్మ బోర్ల పండుకొని, "సదువు" అన్నది. సదివిన. నా గురించి రాసిన కాడ విడిచిపెట్టి, కింద నీ పేరు దాక పోయిన. ఆమెకు తెల్వదు. నువ్వు గూడ మళ్ళ గా ముచ్చట ఎత్తకు.

నువ్వు రాసింది అబద్ధం కాదు. ఏప్రిల్‌లనే ఆమె మెడ వంచి సూసుడు నేను సూసిన. అలసటనుకున్న.

సెలవు దొరికితే రా.

బాల్‌రాజు


99 ఏపీఓ,
19 జూన్ 2004.

అక్కకు, బావకు నమస్కారాలు.

ఇక్కడ నేను బాగున్నాను. వానలు ఎక్కువగా ఉన్నాయి. సెలవు మంజూరయింది గానీ రోడ్డు బాగయ్యాకే పంపుతారట. జూలైలో రావచ్చు.

అక్కా, డాక్టర్ చెప్పిన చుక్కల మందు మరవకుండా వేయించుకో. బరువులు ఎత్తకు. బావా, మీరు కూడా వేళకు తినండి. మీరు దగ్గరుండి అన్నీ చూసుకుంటున్నారని నాకు ధైర్యంగా ఉంది.

ఇంకేం రాయాలో తోచడం లేదు. వజ్రమ్మ అత్తకు నా నమస్కారం చెప్పండి.

వీరేశం


శామీర్‌పేట,
30 జూన్ 2004.

వీరేశం,

వంకరటింకరగా ఉంటే ఏమనుకోకు. కాగితం మీద స్కేలు ఆనించి, దాని అంచునే రాస్తూ పోతున్నాను. ఒక వరుస అయ్యాక స్కేలు వేలెడు కిందికి జరుపుతున్నాను. వరుస మీద వరుస పడితే నువ్వే విడదీసి చదువుకో. మీ బావ మేడ్చల్ ల్యాబుకు పోయాడు. ఆల్బం పని ఇప్పుడు వాళ్ళే చేస్తున్నారు. అందరి పెళ్ళికూతుళ్ళూ ఒకేలా ఉంటున్నారని మీ బావ గొణుగుతాడు. కౌంటర్‌లో నేను కూర్చుంటాను. ఫోటోలకు ఇక్కడి లా కాలేజీ పిల్లలు వస్తే గొంతు బట్టి పేరు పెట్టి పిలుస్తాను, ఆశ్చర్యపోతారు. పొద్దు గడుస్తుంది. గడవనప్పుడు వెనక గదిలోకి పోయి ఆ కుర్చీలో కాసేపు కూర్చుని వస్తాను.

నీ పొడి ఉత్తరం వచ్చింది. మీ బావ చదివి వినిపించాడు. అది నా తమ్ముడు రాసినట్టు లేదు, పోలీసు స్టేషన్‌లో రాయించినట్టుంది. ఎందుకట్లా రాశావో నాకు తెలుసు.

ఆసుపత్రిలో చదివినప్పుడు ఆయన ఒకచోట ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. కాగితం చప్పుడైంది. తరువాత "వెంటనే వెళ్ళు, అక్కా" అని చదివాడు. ఆ మధ్యలో నువ్వేం రాసి ఉంటావో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ మాటలు నీ నోట్లో పెట్టింది నేనే. కనబడలేదని ఆయన నిజం చెబితే, డబ్బు కోసం అబద్ధమాడుతున్నాడని నీకు రాసింది నేనే. తరువాత ఆయన అడిగిన ఒక్క మాటకు అబద్ధం చెప్పిందీ నేనే. నాకు తెలుసని ఆయనకు చెప్పలేదు. తెలియదనుకుంటేనే ఆయనకు కొంచెం నిద్ర పడుతుంది.

కార్డు విషయంలో నిన్ను నువ్వు తినేసుకోకు. నేను కంప్యూటర్ గురించి అడిగాను, నువ్వు కంప్యూటర్ గురించి చెప్పావు. ఒకరోజు కోపం వస్తుంది, రాదని చెప్పను. ఆ రోజు కౌంటర్‌లో ఎవరితోనూ మాట్లాడను. మర్నాటికి పోతుంది.

నువ్వు వచ్చినప్పుడు ఆయన్ను చూసి తల వంచుకోకు, కాళ్ళు పట్టుకోకు. మామూలుగా "బావా" అని పిలువు.

ఇంకొక మాట. మా ఇంట్లో చదువు వచ్చినవాళ్ళం ఇద్దరమే, అందులో ఒకరు తగ్గారు. నాకొక్కదానికే అని రాయడానికి ఇక లేదు. నువ్వు రాసే ప్రతి మాటా నాకు మీ బావ గొంతులోనే వినబడుతుంది. అట్లా వినబడినా బాగుండే మాటలు రాయి. వానల గురించి కాదు. నువ్వు బాగుచేసినవాటి గురించి రాయి, మేజర్ సాబ్ గురించి రాయి, పెళ్ళి సంగతి రాయి. ఆయన కూడా వింటాడు.

దీన్ని పోస్టు డబ్బాలో వేయడానికి ఆయన చేతికే ఇవ్వాలి. కవరు అంటించి ఇస్తాను. ఏం రాశావని అడగడు.

అక్క